కింద కొట్టు, పైన అనుమానం

ఆ రోజుల్లో ఐర్లండ్‌లోని మెయ్‌నూత్‌లో ఎవరూ ఎవరినీ పూర్తిగా నమ్మేవారు కాదు. బ్యాంకుల్ని జనం నమ్మేవారు కాదు, జనాన్ని బ్యాంకులు నమ్మేవి కావు, చదువయ్యాక ఉద్యోగం దొరుకుతుందన్న మాటను మేం నమ్మేవాళ్ళం కాదు. మాంద్యం అంటే ఏమిటో పుస్తకాల్లో చాలా రాశారు. నాకు మాత్రం అది ఒకరి సంచిలోకి ఒకరు తొంగిచూసిన కాలంగా గుర్తుండిపోయింది. (తొంగిచూడ్డంలో నేనూ ఏం వెనకబడలేదు.)

నేనప్పుడు ఎమ్మెస్సీ చదువుతున్నాను. వరంగల్ నుంచి వచ్చిన ఒక సీనియర్‌తో కలిసి, ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు పైన ఉన్న రెండు గదుల్లో అద్దెకుండేవాణ్ణి. ఎవరేం మాట్లాడినా ఎదురు పాయింటు తీస్తాడు కాబట్టి అతన్ని అందరం వకీలన్న అనేవాళ్ళం. కొట్టుకీ మా గదులకీ యజమాని ఒక్కరే, అరవై దాటిన ఐరిష్ పెద్దమనిషి. మాలో మేం ఆయన్ని పెద్దాయన అని పిలుచుకునేవాళ్ళం. జనం కొట్టుకొచ్చి, కెటిల్ ఎత్తి చూసి, మూత తీసి చూసి, ఏది మంచిదో ఆయన్నే అడిగి తెలుసుకుని, ఇంటికెళ్ళి అదే కెటిల్ ఇంటర్నెట్‌లో కొనుక్కుంటున్నారని ఆయన బాధ. బయటి దేశాల నుంచి వచ్చే చిన్న పార్సిళ్ళకు పన్ను పడదు, ఆయన అమ్మే ప్రతి వస్తువుకీ పడుతుంది. ఇది న్యాయమా కాదా అని రేడియోలో వాదించుకునేవాళ్ళు. కింద ఆ రేడియో మోగుతుంటే, పైన మా వంటింట్లో అదే వాదన తెలుగులో సాగేది. ఆన్‌లైన్లో కొన్నా పన్ను కట్టాల్సిందేనని వకీలన్న, స్టూడెంట్ల పార్సిళ్ళ జోలికి రాకూడదని నేను. "ఆయన కట్టాలె, నువ్వు కట్టొద్దు. గిదేం న్యాయం తమ్మీ?" అనేవాడు అన్న, నా పార్సిల్లో వచ్చిన గోంగూర పచ్చడి కలుపుకుంటూనే.

ఆ పార్సిళ్ళు ఒకటీ రెండూ కావు. పగలు మావాళ్ళెవరూ ఇళ్ళలో ఉండరు, మా కింది కొట్టేమో పొద్దంతా తెరిచే ఉంటుంది. అందుకని ఊళ్ళోని తెలుగు స్టూడెంట్లందరూ మా చిరునామాకే, నా పేరు మీదే అన్నీ తెప్పించుకునేవాళ్ళు. పచ్చళ్ళు, కుక్కర్లు, చీరలు, ఒకసారి ఒక వీణ కూడా. పోస్ట్‌మన్ వాటిని పెద్దాయన కౌంటర్ మీద పెట్టి పోయేవాడు.

కొన్నాళ్ళకు పెద్దాయన తీరు మారింది. అట్టపెట్టె నా చేతికిచ్చే ముందు ఓసారి ఊపి, బరువు చూసి, మీద అంటించిన చీటీ కళ్ళద్దాల పైనుంచి చదివి, "బాగా బిజీగా ఉన్నావే" అనేవాడు. సరిగ్గా అప్పుడే నేను ఇండియా నుంచి తెప్పించుకున్న మిక్సీ కస్టమ్స్‌లో ఆగిపోయింది. పన్ను కడితేగానీ ఇచ్చేది లేదన్నారు. కట్టి తెచ్చుకున్నాను గానీ, పెద్దాయనే మా సంగతి కస్టమ్స్‌కి చేరవేశాడని తేల్చేశాను. వకీలన్న ఆధారం అడిగాడు. ఆయన చూసే చూపులే ఆధారం అన్నాను. ఆనాటి నుంచి పార్సిళ్ళు కోటు కింద దాచుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాను. (కోటు కింద కుక్కర్ పెట్టుకున్న సన్నటి కుర్రాడు ఎంత అమాయకంగా కనబడతాడో మీరే ఊహించుకోండి.)

ఒక శనివారం పొద్దున ఎవరో పెద్దావిడ తలుపు కొట్టింది. ఇక్కడ మిక్సర్లు చవగ్గా అమ్ముతారని విన్నానని, బిల్లు అక్కర్లేదని మెల్లిగా చెప్పింది. కస్టమ్స్ మనిషే అనుకున్నాను. అమ్మడం మాట అటుంచి మా ఇంట్లో అసలు మిక్సీయే లేదన్నాను. ఆ మాట ముగిసేలోపు లోపల వకీలన్న కొబ్బరి పచ్చడికి మిక్సీ వేశాడు. ఆ చప్పుడేమిటని ఆవిడ అడిగింది. వాషింగ్ మెషీన్ అన్నాను. అలాగా అని ఆవిడ మెట్లు దిగిపోయింది.

కాసేపటికే పెద్దాయనను వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చింది. ఆవిడ ఆయన చెల్లెలట. పెద్దాయన కూర్చోలేదు. గొంతూ పెంచలేదు.

"నేను పన్ను కట్టి కింద ఈగలు తోలుకుంటున్నాను. మీరు నా నెత్తి మీదే పన్ను లేని దుకాణం పెట్టారు. నెలాఖరుకు ఖాళీ చెయ్యండి."

అప్పటికి వెలిగింది నాకు. నేను ఆయన్ని అనుమానించినన్నాళ్ళూ ఆయన నన్ను అనుమానిస్తున్నాడు. వకీలన్న పచ్చడి గిన్నె చేత్తో పట్టుకునే వచ్చి, మావాళ్ళ పార్సిళ్ళు పేర్చిన అలమర తలుపు బార్లా తెరిచాడు. ఏ పెట్టె ఎవరిదో చెప్పాడు, నా పెట్టె విప్పి చూపించాడు. ఇంగువ వాసనకు పెద్దాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. నా కోటు కథనూ, ఆయన మీద నా అనుమానాన్నీ కూడా అన్న దాచలేదు.

"కస్టమ్స్‌కి నేను చెప్పానా?" అని పెద్దాయన నావైపు తిరిగాడు. "వాళ్ళకి ఫోన్ చేస్తే ముందు నా లెక్కలే చూపించమంటారయ్యా."

ముందు నవ్వింది చెల్లెలే. దోసె తిని వెళ్ళండని అన్న అడిగితే ఇద్దరూ కాదనలేదు కూడా. ఖాళీ చెయ్యమన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ దోసెల దగ్గరే వకీలన్న, కొట్టును కూడా ఇంటర్నెట్‌లో పెట్టమన్నాడు, పన్నుతో సహా. పేజీ నేను తయారుచేశాను. చాలాకాలం ఎవరూ ఏమీ కొనలేదు. చివరికి దగ్గర్లోని నేవన్ అనే ఊరి నుంచి ఒకావిడ ఒక కెటిల్ ఆర్డర్ చేసింది. పెద్దాయనకు సంతోషం కన్నా ముందు అనుమానం వచ్చింది. చూడకుండా, మూత తీయకుండా కెటిల్ కొనే మనిషి ఎలాంటిది? పోస్టులో వేస్తే ఎవరికి చేరుతుందో? అందుకని కెటిల్‌నూ నన్నూ వ్యాన్‌లో ఎక్కించుకుని తనే బయల్దేరాడు.

నేవన్‌లో ఆవిడ గొలుసు తియ్యకుండానే తలుపు కొంచెం తెరిచింది. వానలో తడుస్తున్న ముసలాయన, పక్కన అట్టపెట్టె పట్టుకున్న ఇండియా కుర్రాడు. ఇంటర్నెట్‌లో కొన్నది మనుషులు తేవడమేమిటి, గార్డుల్ని, అదే పోలీసుల్ని, పిలవనా అంది. పెద్దాయన పన్నుతో సహా రాసిన బిల్లు ఆ సందులోంచి లోపలికి అందించాడు. అది చదివి గొలుసు తీసింది. అయినా ఆయన ఊరుకోలేదు, వంటింట్లో నీళ్ళు కాచి చూపించి గానీ కదల్లేదు. కాగిన నీళ్ళు పారబోయడం ఎందుకని ఆవిడ టీ పెట్టింది.

ఇప్పుడు ఆన్‌లైన్లో ఏది కొన్నా కొనేచోటే పన్ను పడిపోతుంది, దాని గురించి ఎవరూ గొంతు చించుకోవడం లేదు. ఆ కొట్టు మరుసటేడాది మూతపడింది. అయినా ఆ సాయంత్రం ఖాళీ వ్యాన్‌లో తిరిగొస్తున్న ఆ కుర్రాడు, అంటే అప్పటి నేను, గుర్తొస్తే నాకు నవ్వాగదు, అతని మీద కాస్త అసూయ కూడా. ఐర్లండంతా ఆర్డర్లిస్తే, ఇంటింటికీ వెళ్ళి నీళ్ళు కాచి చూపించి టీ తాగి రావడానికి ఎన్ని వ్యాన్లు కావాలో, దారి పొడుగునా అతనూ పెద్దాయనా ఎంతో సీరియస్‌గా మాట్లాడుకున్నారు.