ఇద్దరి రంపం, ఒక బూరుగు పలక

నా చిన్నప్పుడు నాకున్నంత కోపం మా త్రిపురారంలో ఇంకే ఆడపిల్లకూ లేదని మా అమ్మ అందరికీ చెప్పుకుని ఏడ్చేది. ఆ మాట అబద్ధం కాదు.

కాలువకు నీళ్లు వదిలారంటే పిల్లలకు ఒకటే పిచ్చి. వంతెనకు తాడు కట్టి, దాని కొస పట్టుకుని, ఉరికే నీళ్ల మీద చెక్కపలక వేసుకుని నిలబడాలి. పడితే గట్టు రాళ్లకు మోకాళ్లు చీరుకుపోయేవి. నేను మునగమాను కొట్టి, ఎండబెట్టి ఒక పలక చేసుకున్నాను. మా పెదనాన్న కొడుకు, నాకంటే ఏడాది పెద్దవాడు, అందరి ముందూ దాన్ని మోకాలికేసి పుటుక్కున విరిచాడు. "ఇది పొయ్యిల పెట్టుకో పో" అని నవ్వాడు. నేను రాయి తీసి వాడి నెత్తి మీద కొట్టాను. రక్తం చెవి మీదుగా చొక్కాలోకి కారింది. మిర్యాలగూడ దవాఖానాలో ఐదు కుట్లు వేశారు.

నాన్న నన్ను పగ్గంతో వీపు వాచేలా బాదాడు. పెదనాన్నకు అది చాల్లేదు, గొడ్డలి పట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. నాన్న రోకలి అందుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ దుమ్ములో దొర్లారు. ఆ పెనుగులాటలో గొడ్డలి నాన్న భుజాన్ని చీరేసింది. ఊళ్లో వడ్రంగం చేసే మా తాతయ్య, వాళ్ల కన్నతండ్రి, మధ్యలో పడి విడదీశాడు. ఆ సాయంత్రమే రెండు ఇళ్లలోనూ ఒకే మాట చెప్పారు: అవతలి గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతామని. నాకు తోడబుట్టినవాళ్లు లేరు. రాఖీ కట్టేది వాడొక్కడికే. ఇక వాడు లేనట్టేనని తెలిసినా కోపం చావలేదు.

మర్నాడు తాతయ్య మా ఇద్దరి చెవులూ పట్టుకుని తన పనికొట్టంలోకి ఈడ్చుకుపోయాడు. గొడ్డలి వెనకవైపుతో మొద్దులను కొట్టి వినమన్నాడు. తుమ్మ టంగుమంది. అది నీళ్లలో నిలువునా మునుగుతుందట. బూరుగు బోలుగా పలికింది. తేలేది అదేనట. ఆ బూరుగు మొద్దు మీద రెండు పిడుల రంపం పెట్టి మమ్మల్ని చెరో పక్కా కూర్చోబెట్టాడు.

"ఇది తెగేదాంక లేసేది లేదు" అన్నాడు.

నేను పిడి వాడి రొమ్ముకు తగలాలని బలమంతా పెట్టి నెట్టాను. వాడూ అంతే కసిగా నెట్టాడు. రంపం మధ్యలో వంగి, ఎగిరి, నా బొటనవేలి మొదలు కోసేసింది. నేను వాడిని కాలితో తన్నాను. తాతయ్య తిట్టలేదు. పసుపు అద్ది, గుడ్డ చుట్టి, పిడి మళ్లీ నా చేతిలోనే పెట్టాడు.

"నువ్వు నూకవడ్తివి, ఆడు నూకవట్టె, మధ్యల రంపం ఏమైతది? దీనికి గుంజుడే బిడ్డా, నూకుడు లేదు. ఆడు గుంజినప్పుడు నీ చెయ్యి వదులు చెయ్యాలె."

వాడి కోసం చెయ్యి వదులు చేయడం ఓడిపోయినట్టే అనిపించి వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడుస్తూనే వదిలాను. రంపం సర్రున నడిచింది. మొద్దు తెగేసరికి వాడి తలకు కట్టిన కట్టులోంచి రక్తం ఊరుతోంది. నా గౌను అంచుతో తుడిచాను. వాడు తల వంచాడు.

తాతయ్య అటు తిరిగి నిలబడ్డాడు. "మీ నాయనలను ఒక్కనాడన్నా గిట్ల ఎదురెదురుగ కూసోబెట్టలే. ఒక పిడి ఎప్పుడూ నేనే పట్టుకున్న" అన్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే.

ఆ మొద్దులోంచి తాతయ్య చెక్కిచ్చిన పలక కాలువలో తేలింది. మా నాన్న, పెదనాన్న మాత్రం చచ్చేదాకా మాట్లాడుకోలేదు. నాన్న పాడె మా వీధి దాటుతుంటే పెదనాన్న తలుపు వేసుకున్నాడు. పాడె ముందు కొమ్ము మోసింది ఆయన కొడుకే.

వాడిప్పుడు కోదాడలో ఉంటాడు, రాఖీ పండుగకు తప్పక వస్తాడు. నాకు కోపం నెత్తికెక్కితే బొటనవేలి మచ్చ చూసుకుని చెయ్యి వదులు చేస్తాను. ప్రతిసారీ కుదరదు. కోడలితోనో కొడుకుతోనో గొడవపడ్డానని తెలిస్తే వాడు ఫోన్ చేసి ఒకటే అడుగుతాడు.

"మళ్ల నూకుతున్నవా?"