జబ్బు చేసిన చేప, నా వంతు నీళ్లు

మా ఇంట్లో చేపలు మేం కొన్నవి కావు. గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో మా పక్కింటివాళ్లకు ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు, లారీలో గాజుతొట్టి పగులుతుందని మాకిచ్చి పోయారు. అందులో రెండు నారింజరంగు గోల్డ్‌ఫిష్‌లు. మా ఆయన గూడ్సుబండి నడుపుతాడు. డ్యూటీకి వెళ్తే తిరిగి ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. తొట్టిని మిషన్‌కు ఎదురుగా పెట్టుకున్నాను. కొన్నాళ్లకు నేను కుర్చీలోంచి లేస్తే చాలు, మేత వేస్తాననుకుని రెండూ అద్దం దగ్గరికి వచ్చేవి.

మా అత్తకు అవంటే కిట్టదు. ఆమెది ఉరవకొండ దగ్గర పల్లె. నీళ్ల కోసం నెత్తిన బిందెతో ఊరవతల బోర్ల వెంట తిరిగిన మనిషి. మా కుళాయిలో నీళ్లు వచ్చినరోజే వచ్చినట్టు. రాకపోతే ట్యాంకరు. అందుకని ఇంట్లో ఎవరి బకెట్టు వాళ్లకని ఆమే వంతులు పెట్టింది. ఆ లెక్కలో చేపలకు వంతు లేదు.

ఎండాకాలం మొదట్లో ఆడపడుచు వాళ్లు వస్తున్నారని మా ఆయన సెలవురోజు తొట్టి శుభ్రం చేశాడు. నీళ్లన్నీ పారబోసి, గులకరాళ్లు తోమి, ఫిల్టర్‌లోని స్పాంజిని తెల్లబడేదాకా పిండి, కొత్తనీళ్లు నింపాడు. వచ్చినవాళ్లు అద్దంలా ఉందని మెచ్చుకున్నారు.

మర్నాడు పొద్దున చేపలు రెండూ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. మొప్పలు వేగంగా కొట్టుకుంటున్నాయి. పెద్దదాని తోకలో నెత్తుటి గీతలు కనిపించాయి. మేత వేస్తే కన్నెత్తి చూడలేదు. ఫోన్‌లో ఫోటో తీసుకుని స్టేషన్ రోడ్డులో చేపలమ్మే అంగడికి పోయాను.

అంగడతను ఫోటోను సరిగ్గా చూడనైనా లేదు. "రోగం తగిలిందక్కా. ఈ నీలం మందు ఏయి. బతికితే బతుకుతాయి, లేకుంటే కొత్తవి తీసుకపోదువు" అన్నాడు.

మందు వేశాను. నీళ్లు నీలంగా మారాయి. సాయంత్రానికి చిన్నచేప పక్కకు ఒరిగిపోయింది. తీసి చేతిలో పెట్టుకుంటే కదలలేదు. పెద్దది అడుగున రాళ్ల మీద పడి ఉంది.

మా అత్త గడప దగ్గర నిలబడి చూసింది. "ఒగటి పాయ. అదీ పోతాది. పారేయమ్మా, ఎందుకు ఊరికే దాని ముందర కూచ్చుంటావు?"

"అది ఇంకా సావలేదత్తా."

"సచ్చేదే గదా."

ఆ మాట నాకు కొత్త కాదు. మాది రాప్తాడు దగ్గర ఊరు. నా చిన్నప్పుడు ఒక కరువులో మా ఎర్రావు మేత ముట్టడం మానేసింది. అమ్మ దానికి బెల్లం నీళ్లు తాపుతుంటే మా నాయన, "సచ్చేదానికి తాపేదెందుకు?" అని పలుపు విప్పి సంతకు తోలుకుపోయాడు. ఆయన చేసింది తప్పని నేననను. ఇంట్లో గింజలు లేని ఏడు అది. కానీ మా వైపు వాన రాదని తేలకముందే మనుషులు ఆశ వదులుకోవడం నేర్చుకుంటారు. వేరుశెనగ ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టకముందే చేను గొర్లకు వదిలేస్తారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను చూసి, దీని మీద ఆశ పెట్టుకోవద్దని తల్లికే చెప్తారు. అట్లా పుట్టిన బిడ్డనే నేను. పారేయమని అత్త అన్నప్పుడు నాకు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది.

తొట్టి ముందు కూర్చుని ఆలోచించాను. రెండు చేపలకూ ఒకేరోజు ఒకే జబ్బు ఎట్లా వస్తుంది? మారింది చేపలు కాదు, నీళ్లు. మా ఆయనకు ఫోన్ చేశాను. బండి ఎక్కడో సిగ్నల్ దగ్గర ఆగి ఉంది.

"తొట్టిలోకి యా నీళ్లు పోసినారు?"

"ట్యాంకరుయి. అప్పుడే వచ్చినాయి, బాగుండాయి కదా."

ట్యాంకరు నీళ్లు పట్టిపెట్టిన డ్రమ్ము మూత తీసి వాసన చూశాను. బ్లీచింగ్ పౌడరు వాసన ముక్కు మండించింది. ఫోన్‌లో వీడియోలు వెతికితే రెండో సంగతి కూడా తెలిసింది. చేపలు వదిలే మలినాన్ని తినేసే కంటికి కనిపించని క్రిములు ఆ స్పాంజిలోనే కాపురముంటాయట. దాన్ని తెల్లగా పిండడంతో అవి పోయాయి. చూడ్డానికి అద్దంలా ఉన్న ఆ నీళ్లే మొప్పలను కాల్చాయి. దీనికి మందు అక్కర్లేదు, మంచినీళ్లు కావాలి.

వీడియోలో చెప్పినట్టే నా వంతు బకెట్టు నీళ్లు మిద్దె మీద మూత లేకుండా పెట్టాను. రోజంతా ఎండకూ గాలికీ ఉంచితే ఆ వాసన పోయింది. తొట్టిలోంచి కొన్ని నీళ్లు తీసి, అన్నే ఈ నీళ్లు మెల్లగా పోశాను. కాస్త రాళ్లుప్పు కరిగించి కలిపాను. మేత పూర్తిగా ఆపేశాను. గాలి బుడగలు వదిలే పంపు కరెంటు పోయి ఆగితే, చెంబుతో నీళ్లు ముంచి ఎత్తి పోశాను. రోజూ అదే పని. నేను తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుని సరిపెట్టుకున్నాను.

అత్త ఊరుకోలేదు. "తానం మానుకోని చేపకు పోస్తాండావా? నలుగురు వింటే నవ్వుతారు."

"నవ్వనీ అత్తా. నీ బకెట్టు నేను ముట్టలేదు. నాది నా ఇష్టం."

పెళ్లయినాక ఆమెకు అట్లా ఎదురుచెప్పడం అదే మొదలు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ఆమె లోపలికి పోయింది.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, తను చేసిన పని తెలుసుకుని నొచ్చుకున్నాడు. "వదిలేయ్, కొత్తవి తెస్తా" అన్నాడు. కొత్తవి తెచ్చినా ఈ నీళ్లలోనే కదా పోసేది అన్నాను. తన వంతు బకెట్టు కూడా మిద్దె మీదికి మోశాడు.

చేప తొందరగా లేవలేదు. చచ్చిందేమోనని వేలితో అద్దం తట్టి చూసుకున్న పొద్దులున్నాయి. తర్వాతొకరోజు జాకెట్టుకు హుక్కులు కుడుతూ తలెత్తితే, అది రాళ్ల మీది నుంచి లేచి తొట్టి మధ్యలో నిలబడి ఉంది. తోక చివర చిరిగిపోయింది. మొప్పలు నిదానంగా ఆడుతున్నాయి. చిటికెడు మేత వేశాను. ఒక గింజను నోట్లోకి తీసుకుని ఉమ్మేసి, మళ్లీ తీసుకుని మింగింది. దారం పళ్ల మధ్య పెట్టుకుని అట్లాగే చూస్తూ ఉండిపోయాను.

అత్తను పిలిచి చూపించాను. ఆమె వంగి చాలాసేపు చూసింది. "మొండిది" అంది. నన్నో చేపనో తెలియలేదు. వెళ్తూ వెళ్తూ, "దాంట్లో తీసిన నీళ్లు మోరీ కాలవలో పోయాకు. ఉప్పు ఏసేది మానుకున్నాక పెరట్లో నా వంగచెట్లకు పోయ్" అంది.

ఆ ఎండలు ముదిరాక ట్యాంకరు రావడం ఇంకా తగ్గింది. వానలు పడేదాకా తొట్టి ఎవరికైనా ఇచ్చేయమని క్వార్టర్స్‌లో ఆడవాళ్లు సలహా ఇచ్చారు. ఇయ్యనన్నాను.