పెద్దకోడలు నొక్కిన బటన్

ఆ ఇంట్లో పెద్దకోడలికి తనదంటూ ఉన్నది హాలు మూలనున్న కంప్యూటర్ ఒక్కటే. పెళ్ళికి ముందు బట్టల షాపులో పనిచేసే రోజుల్లో కొనుక్కున్నది. వంటా వార్పూ అయ్యాక దాని ముందు కూర్చుని ఎంబ్రాయిడరీ మిషన్లకు డిజైన్లు గీసేది. ఏ కుట్టు తర్వాత ఏ కుట్టు పడాలో, ఎక్కడ రంగు మారాలో అన్నీ అందులోనే చెప్పాలి. నడుములు పడిపోయేలా ఏళ్ళ తరబడి చేసిన పని. బజారులో షాపులవాళ్ళు ఆమెనే వెతుక్కుంటూ వచ్చేవారు.

ఇంతలో మరిదికి పెళ్ళయింది. చిన్నకోడలు కంప్యూటర్ కోర్సు చదివిన పిల్ల. వచ్చిన నెలకే ఇంట్లో ఆమె మాటే మాటయింది. తను నేర్చుకున్న కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఇందులో లేదని మూతి ముడిచింది. పెద్దామె డిజైన్ల సాఫ్ట్‌వేర్ చూస్తే పాత సిస్టమ్‌లో తప్ప నడవదు.

"గొడవెందుకక్కా? డిస్కును రెండు వాటాలు చేద్దాం. పాతది నీ వాటాలో, కొత్తది నా వాటాలో. ఆన్ చేయగానే ఏది కావాలో అదే అడుగుతుంది."

"నా డిజైన్లు ముందే వేరేచోట దాచుకోనా?"

"నేనున్నాగా! కొత్తది నీ వాటా జోలికే పోదు."

ఆదివారం ఇంటిల్లిపాదీ చూస్తుండగా పని మొదలైంది. తెర మీద రెండు వరసలొచ్చాయి. పాతదాని పక్కన కొత్తది పెట్టమనేది మొదటిది. డిస్కంతా చెరిపేసి పెట్టమనేది రెండోది. చిన్నకోడలు కుర్చీలోంచి లేచింది.

"నీ కంప్యూటర్ కదక్కా, నీ చేత్తోనే నొక్కు. రెండోది."

పెద్దామె ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చదివింది. "ఇరేజ్ అంటే చెరపడం కాదూ?"

"ఖాళీ జాగానే చెరుపుతుందిలే."

"చదువుకున్న పిల్ల చెబుతుంటే మధ్యలో నీ పెత్తనమేమిటే?" అంది అత్తగారు. మొగుడు పేపర్లోంచి తలెత్తలేదు.

నొక్కింది.

కంప్యూటర్ మళ్ళీ ఆనైనప్పుడు ఏది కావాలని అడగలేదు. కొత్తదొక్కటే దర్జాగా వచ్చి కూర్చుంది.

పెద్దామె లబోదిబోమంది. "నువ్వే నొక్కావు కదక్కా!" అంది చిన్నకోడలు. అత్తగారూ అదే అంది. మొగుడైతే నవ్వాడు కూడా.

షాపులవాళ్ళు కొన్నాళ్ళు చూసి రావడం మానేశారు. పనిపోయిన మనిషికి ఇంట్లో విలువా పోయింది. చివరికి ఒక ఎంబ్రాయిడరీ షెడ్డులో సూదులకు దారం ఎక్కించే పనికి కుదిరింది.

ఒకరోజు మిషన్ కింద గుడ్డను చూసి ఆమె దగ్గరికి వంగింది. ఒంటికాలి మీద నిలబడి రెక్క పొడుచుకుంటున్న కొంగ. తను గీసినదే.

"ఇది నా డిజైనండీ," అంది యజమానితో.

"నీదా? కంప్యూటర్ చదువుకున్నమ్మాయి పంపింది. చూసి నేర్చుకో."

"ఆ పిల్ల మా తోడికోడలే. అవన్నీ నా కంప్యూటర్లోవి."

"అయితే తెచ్చి చూపించు."

ఏం చూపిస్తుంది? షెడ్డంతా గొల్లుమంది.

ఇంటికెళ్ళి నిలదీస్తే చిన్నకోడలు కనీసం తడబడలేదు. "అవును, ముందే నా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకున్నా. లేకపోతే అవీ పోయేవి. సంతోషించు."

మర్నాడు పొద్దున షెడ్డులో ఎవరో కేకేశారు. "ఓ డిజైనరమ్మా! నాలుగో మిషన్లో దారం తెగింది!"

వెళ్ళింది. కొంగ మెడ దగ్గర తెగింది. సూదికి దారం ఎక్కించి పక్కకు జరిగింది.