పసుపు పోసిన రేడియేటరూ... మిల్లు సీతారత్నం గారూ

మా చిన్నప్పుడు ఓ పొద్దున కాకినాడ దారిలో నాన్నగారి పాత వ్యాన్ ఉన్నట్టుండి బుస్సుమంది... బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి తన్నుకొచ్చి ముందు రోడ్డే కనపడలేదు. నాన్నగారు ఎలాగో బండిని పక్కకి లాగి ఆపారు.

లోపల మా అక్కతో కలిపి ఏడుగురు ఆడపిల్లలు. టీచర్ ట్రైనింగ్ ప్రవేశ పరీక్ష. పదింటికల్లా కాకినాడలో హాల్లో కూర్చోవాలి. మా పేటలో పదో తరగతి గట్టెక్కిన మొదటి ఆడపిల్లలు వాళ్లే... అక్కకి తోడుగా ఐదో క్లాసు చదివే నన్నూ ఎక్కించింది అమ్మ. అప్పుడు టైము ఏడున్నర. మా పక్కనుంచే వెళ్లిన బస్సులో ఫుట్‌బోర్డు మీద కూడా కాలు పెట్టే చోటు లేదు.

నాన్నగారు గోనెపట్టా చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోయారు.

"ఆగబ్బాయ్! ఇప్పుడు దాన్ని ముట్టుకున్నావంటే మొహం ఉడికిపోద్ది!"

రోడ్డు పక్కనున్న చిన్న వడ్ల మిల్లులోంచి ఒకావిడ గబగబా వచ్చారు. యాభై దాటి ఉంటాయి. చీర చెంగు నడుంలో దోపి ఉంది, మోచేతుల దాకా మసి, చేతిలో రెంచి. నేను అప్పటిదాకా ఆడవాళ్ల చేతిలో అట్లకాడ చూశాను, కొడవలి చూశాను... రెంచి చూడటం అదే మొదలు.

ఆవిడ పేరు సీతారత్నం గారట. భర్త పోయిన దగ్గర్నుంచీ మిల్లులో ఆయిల్ ఇంజను ఆవిడే నడుపుతున్నారని వడ్లు ఆడించుకోడానికి వచ్చినవాళ్లు చెప్పారు.

నాన్నగారు పరీక్ష సంగతి చెప్పారు గానీ, ఆవిడ మీద నమ్మకం కుదరలేదు. "మెకానిక్‌ని పిలిపిస్తానండి" అన్నారు.

"పిలిపించు. ఆయనొచ్చేసరికి పరీక్ష అయిపోద్ది. ఈ పిల్లల్ని వెనక్కి తీసుకుపోదువుగాని."

నాన్నగారు గోనెపట్టా పక్కన పడేసి తప్పుకున్నారు.

ఇంజను చల్లారేదాకా ఆవిడ ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. ఆ కాసేపూ ఒక యుగంలా గడిచింది. తరవాత తడిగుడ్డ వేసి, మూత కొంచెం తిప్పి, ఆవిరి పోనిచ్చి, అప్పుడు తీశారు. లోపల నీళ్లు కావు... ఇటుకరంగు బురద. దాని మీద పసుపు ముద్దలు.

ఆవిడ వేలు ముంచి, బొటనవేలితో రుద్ది, వాసన చూశారు. "నూనె జిడ్డు లేదు. ఇంజను బతికే ఉంది. తుప్పూ, ఒండ్రూ పేరుకుపోయాయంతే... ఈ పసుపేంటయ్యా? రేడియేటర్‌కి పేరంటం చేశావా?"

వడ్ల దగ్గర కూర్చున్న ఆడవాళ్లంతా ఘొల్లున నవ్వారు. నాన్నగారు తల దించుకున్నారు. "నీళ్లు కారిపోతున్నాయని పోశానండి... పసుపు పోస్తే చిల్లు మూసుకుపోద్దన్నారండి."

"మరి ఒండ్రు?"

"కాలవ నీళ్లేనండి... పోయినేడు వరదకి ఎర్రనీళ్లు వచ్చినప్పుడు కూడా అవే పోశానండి."

సీతారత్నం గారు మిల్లు ఆపేశారు. అంతమంది వడ్లు పక్కన పెట్టుకుని ఉన్నారా... ఒక్కరూ కాదనలేదు. రేడియేటర్ రబ్బరు గొట్టాలు రెండూ ఊడదీశారు. మిల్లు కప్పు మీద డ్రమ్ములోంచి ఒక పైపు లాగి, రేడియేటర్ కింది మూతికి పెట్టి నీళ్లు వదిలారు. ఎప్పుడూ పైనుంచి కిందికి పారే నీళ్లు కదా... ఆవిడ కిందనుంచి పైకి తోయించారు. ఒక్కసారిగా ఎర్రటి బురద, పసుపు ఉండలు, తుప్పు పెచ్చులు పైమూతిలోంచి ఎగజిమ్మాయి! పిల్లలంతా పుస్తకాలు మూసి నోళ్లు తెరిచారు.

తరవాత గొట్టాలు బిగించి, వేణ్ణీళ్లలో చాకలి సోడా కలిపి పోసి ఇంజను కాసేపు తిప్పించారు. ఆపి, చల్లారనిచ్చి, వదిలేస్తే టీ రంగు నీళ్లు. మళ్లీ మామూలు నీళ్లు... ఈసారి పల్చగా. ఇంకోసారి... ఆవిడ దోసిట్లో పట్టి చూస్తే అరచేతి గీతలు కనిపించాయి.

నాన్నగారికి చూపించారు. "చిల్లు రేడియేటర్‌కి కాదబ్బాయ్. ఈ గొట్టం పగిలింది. నువ్వు మందు వేరే చోట వేశావు." సైకిల్ ట్యూబు ముక్క కోసి దాని చుట్టూ బిగించి, ఇనప తీగతో కట్టారు.

చివరగా తన కోసం మూసి పెట్టుకున్న కుండెడు మంచినీళ్లు తెచ్చి రేడియేటర్‌లో పోశారు. "నువ్వు తాగని నీళ్లు దీనికి తాగించకు" అన్నారు.

ఎక్కబోతూ అక్క అడిగింది... "ఇవన్నీ మీకు ఎవరు నేర్పారండీ?"

"ఎవరు నేర్పుతారమ్మా? ఇంజను ఆగితే జనం తిట్టేవారు. ఆ తిట్లు పడలేక నేర్చుకున్నాను. ఊఁ, ఎక్కండి ఎక్కండి!"

దారంతా నాన్నగారి ఒక కన్ను వేడి చూపించే ముల్లు మీదే. అది మధ్యకి వచ్చి అక్కడే నిలబడిపోయింది... మేం గేటు దగ్గర దిగేసరికి పదికి ఐదు నిమిషాలు. ఏడుగురూ పరుగెత్తారు. ఆ ఏడాది నలుగురికి సీటొచ్చింది. అక్కకి రాలేదు. మరుసటేడు వచ్చింది. ముప్పయ్యేళ్ల పైన పాఠాలు చెప్పి మొన్నామధ్యే రిటైరైంది.

నాన్నగారు ఒకరి మాట పడే మనిషి కాదు. ఆ రోజు ఆవిడకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టడం నేను కళ్లారా చూశాను.

ఈ మధ్య అదే దారిన వెళ్లాను. మిల్లు లేదు. అడిగితే ఆవిడెవరో చెప్పేవాళ్లూ లేరు. నా కారులో నీళ్ల బదులు రంగు కూలెంట్ ఉంది, ఏదైనా తేడా వస్తే వెలిగే ఎర్ర దీపం ఉంది. బండి ఆగితే అద్దాలు ఎత్తుకుని ఫోన్ చేస్తాం... పక్కన ఎవరున్నారో తలతిప్పి కూడా చూడం.

మీ బండి నడిరోడ్డు మీద ఆగిన రోజున తన పని మానుకుని వచ్చిన మనిషి ఎవరైనా ఉన్నారా అండీ? ఉంటే వాళ్ల పేరు ఇక్కడ రాయండి... ఒక్కసారైనా నలుగురి నోట్లో ఆ పేరు నాననీ.