కారు వణుకా, పెళ్ళికొడుకు వణుకా

ఆ రోజుల్లో మా హిందూపురంలో కారున్న మనిషి ఎదురైతే జనం లేచి నిలబడేవారు. మా మామ కారు ఎదురైతే మాత్రం లేచి పక్కకు తప్పుకొనేవారు. యుద్ధం నడుస్తున్న కాలం. పెట్రోలుకు రేషను, టైర్లకు కరువు, మాటలకు మాత్రం ఏ కొరతా లేదు. అలాంటి కాలంలో మా అమ్మ తమ్ముడు, బెల్లం మండీలో దలాలీ చేసే మా మామ, ఎవరో కంట్రాక్టరు వాడి వాడి వదిలేసిన కారొకటి కొన్నాడు. అందులో ఆయన చెప్పిన మాట వినేది హారన్ ఒక్కటే కాబట్టి ఆయనకు హారన్ మామ అని పేరు పడింది. (ముఖాన ఎవరూ అనేవారు కాదు, హారన్ కొట్టి మలుపు తిరిగాక అనేవారు.) కారును ఎవరైనా ఒక్క మాటంటే సహించేవాడు కాదు. "ఈ వెనక కుడి చక్రం చూడప్పా! కొన్నప్పట్నుంచి ఒక్కసారి కూడా గాలి పట్టించింది లేదు. ఇట్లాంటి టైరు ఇంగ యాడన్నా ఉండాదా?" అని ఆ చక్రాన్ని దూడ వీపు నిమిరినట్టు నిమిరేవాడు. మేమంతా నోళ్లు తెరుచుకొని చూసేవాళ్లం.

ఆ కారుతో నాకు పనిపడింది పెళ్ళిచూపుల నాడు. అంతకు ముందు కదిరి తిరునాళ్లలో ధర్మవరం పిల్లనొకతెను చూశాను. గాజులవాడి బుట్ట మొత్తం విప్పించి, చివరికి మొదట చూసిన ఎర్రగాజులే తీసుకొని, వాడి ముఖం చూసి నవ్విందా పిల్ల. ఆ నవ్వుతో నా పని అయిపోయింది. చేసుకుంటే ఆ పిల్లనే చేసుకుంటానని మా నాయనతో చెప్పడానికి నాకు ధైర్యం చాలక ఉగాది పోయి దసరా వచ్చింది. తీరా నాయన ఒప్పుకున్నాక తెలిసిందేమిటంటే, ఆ ఇంట్లో చెల్లేది పిల్ల అవ్వ మాటేనట. పట్టుచీరలు నేసే ఇల్లు వాళ్లది. పిల్లను చూడవచ్చిన ప్రతివాణ్ణీ అవ్వ మగ్గం ముందు కూర్చోబెట్టి తెగిన పట్టుపోగు ఒకటి అతకమంటుందట. "పోగు అతికే చేతిలోనే మనిషి గుణం కనపడతాది" అనేది ఆమె సిద్ధాంతం. అప్పటికే అతుకు లావయిందని ఒకణ్ణి, విసుక్కున్నాడని ఇంకొకణ్ణి వెనక్కి పంపించింది. నేను బట్టల అంగట్లో గుమస్తానైనా పుట్టింది మగ్గం ఇంట్లోనే. రాత్రీ పగలూ మా మగ్గం దగ్గర కూర్చొని, వేళ్లకు బూడిద అద్దుకొని, కంటికి కనపడకుండా పోగు అతకడం సాధించాను. ఇక పిల్ల నాదే అనుకున్నాను.

"పెండ్లిచూపులకు రైల్లో పోతే మన విలువేం ఉంటాది బావా?" అని మామ మా నాయనను కారెక్కించాడు. నాయన ముందు, నేను వెనక. ఊరు దాటామో లేదో మొదలైంది వణుకు. ముందు సీటు, తర్వాత తలుపులు, తర్వాత నా పళ్లు. తన కారుకు జబ్బుందని ఒప్పుకోకపోయినా, మామకు రోగం కనిపెట్టే సరదా మాత్రం ఉండేది. ఇత్తడి చెంబు నిండా నీళ్లు నా ఒళ్లో పెట్టి, "చూస్తాండు రా. నీళ్లు ముందుకు తుళ్లితే ఇంజను, వెనక్కి తుళ్లితే గేరు, పైకి తుళ్లితే రోడ్డు" అన్నాడు.

"కుడి పక్కకు తుళ్లుతాండాయి మామా."

"నువ్వు చెంబు వంచి పట్టుకున్నావు. సరిగ్గా పట్టుకో."

పెనుకొండ చేరేసరికి చెంబు ఖాళీ, నా జరీ పంచె నిండు. అక్కడ మామ కారు చుట్టూ ప్రదక్షిణం చేసి, బరువు చాలక ఎగురుతోందని తేల్చి, దారి పక్కనున్న బండరాళ్లు రెండు నా పక్కన కూర్చోబెట్టాడు. అక్కణ్ణుంచి వణుకుతో పాటు ఆ రాళ్లు కూడా నన్ను ఒరుసుకుంటూ వచ్చాయి. "ఏమబ్బా, ఇది కారా, జల్లెడా?" అని నాయన ఒకసారి అడిగాడు. మామ హారన్ కొట్టాడు.

ధర్మవరంలో దిగేసరికి నేల నా కాళ్ల కింద ఇంకా పరుగెడుతూనే ఉంది. అందరికీ మజ్జిగ ఇచ్చారు. నా గ్లాసులో మాత్రం సగమే ఉంది. నా వాలకం చూసి మజ్జిగ కూడా కొలిచి పోస్తున్నారని మనసు చివుక్కుమంది. తర్వాత మగ్గం ముందు కూర్చున్నాను. తెగిన కొన ఒక చేత, రెండో కొన రెండో చేత పట్టుకున్నాను. రెండు కొనలూ ఎడమొహం పెడమొహంగా ఊగాయి తప్ప కలవలేదు. బూడిద నా వేళ్ల మీదికంటే మీసం మీద ఎక్కువ పడింది. అవ్వ నా చేతులు చూసింది. పంచె చూసింది.

"పంచె యాల తడిసింది నాయనా?"

"చెంబు, అవ్వా..." అన్నాను.

"ఈ వయసుకే ఇంత వణుకైతే, మా పిల్ల బతుకంతా ఈ పిల్లోని చేతులు పట్టుకొని కూచోవాల్నా? పోయి రాండప్పా" అని అవ్వ లేచింది. తలుపు సందులో ఎర్రగాజులు కనిపించి మాయమయ్యాయి. తిరునాళ్ల నాటి నుంచి కట్టుకున్న మేడలన్నీ కుప్పకూలాయి.

అప్పుడు మా మామ ఒక త్యాగం చేశాడు. ఆయన జీవితంలో అంతకంటే పెద్దది ఇంకోటి చేసి ఉండడు. వీధంతా వినేటట్టు, "వణుకు మా వానిది కాదవ్వా! నా కారుది!" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు కూడా వణికింది.

లోపలికి పోబోతున్న అవ్వ వెనక్కి తిరిగి, వీధిలోని కారులోకి తొంగిచూసింది. "అట్లయితే నన్నూ కూచోబెట్టు. పిల్లోడు కూచున్న తావులోనే కూచుంటా. రాళ్లు తీయొద్దు" అని, వక్కాకు సంచి నడుముకు దోపి కారెక్కింది. రైల్వే స్టేషను దాకా పోయి వచ్చారు. ముందు హారన్ వినిపించింది, తర్వాత కారు కనిపించింది, తర్వాత కొప్పు ఊడిన అవ్వ దిగింది. ఎవరితోనూ మాట్లాడకుండా పోయి మగ్గం ముందు కూర్చొని పోగు అందుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పోగులతికిన చేతులవి. కొనలు కలవలేదు. మళ్లీ ప్రయత్నించింది. కలవలేదు. అవ్వ చేతులు ఒళ్లో పెట్టుకొని, పళ్లులేని నోటితో పకపకా నవ్వింది.

"పిల్లోని తప్పేం లేదు. అయితే ఏమప్పా, నా కుడి పక్క ఎముకలే ఎగిరెగిరి పడినాయి, ఎడమ పక్కకు ఏమీ కాలేదే. ఆ పక్క చక్రం చూడుపో."

"ఆ చక్రమా? అది బంగారం అవ్వా! కొన్నప్పట్నుంచి గాలే పట్టలేదు."

"గాలే పట్టని చక్రంలో మరేముండాదప్పా?"

మామ పంచె ఎగగట్టి చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. టైరు విప్పితే లోపల ట్యూబు లేదు. పాత గోనెపట్టలు, వాటి మధ్య శెనక్కాయ పొట్టు. టైర్లు దొరకని కాలంలో ఆ కంట్రాక్టరు చేసిన మాయ అది. ఉన్నదంతా నలిగి ఒక పక్కకు చేరి దిండులాగా గడ్డకట్టింది. మామ ఆ పొట్టును దోసిట్లోకి తీసుకొని చూస్తుంటే మేమంతా నవ్వాం గానీ, నాకు ఆయన మీద నిజంగా జాలేసింది.

సాయంత్రానికి నా వణుకు దిగింది. పోగు అతికాను. అవ్వ గోటితో తడిమి చూసి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమంటే ఒప్పుకున్నట్టేనని ఇంట్లోవాళ్లు చెప్పారు. బయల్దేరేటప్పుడు మాత్రం ఒక్క షరతు పెట్టింది: "పెండ్లికి రైల్లో రాండి."

ఆ మామ లేడు, అవ్వా లేదు. ఆ కారు ఏ పాత ఇనుపసామాన్లలో కలిసిందో. ఇప్పుడు నా చేతులు నిజంగానే వణుకుతున్నాయి. ఈసారి ఏ చక్రం విప్పి చూసినా లాభం లేదని డాక్టరు చెప్పకనే చెప్పాడు. ఈ పొద్దున మా ఆవిడ కాఫీ తెచ్చింది. గ్లాసులో సగమే ఉంది. "యాల సగమే?" అని కసురుకున్నాను. ఆమె గ్లాసు నా చేతుల్లో పెట్టి, నా చేతుల చుట్టూ తన చేతులు వేసి పట్టుకుంది. "ఆ పొద్దు మజ్జిగ పోసింది కూడా నేనే. తొణికి అవ్వ కంట పడతాదేమోనని సగమే పోసినా" అంది. ఇన్నేళ్లూ ఆ మాట నాకు చెప్పనే లేదు. గాజులవాణ్ణి చూసి నవ్విన ఆ నవ్వే నవ్వి, "తాగు నిదానంగా. ఇంకా కారు దిగినట్టు లేదే" అంది.