ముందు మీరు తాగండి

ఉదయం ఆరుంపావుకి మా ఆవిడ ప్లాంటు నుంచి మంచినీళ్ల టిన్ను తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. మూత తీసి వాసన చూసింది. "మళ్లీ అదే కంపు," అంది. అప్పటికే మా వీధిలో ఇద్దరు పిల్లలు విరేచనాలతో ఆసుపత్రిలో ఉన్నారు.

మా ఊరు అనకాపల్లికి దగ్గరే. నీళ్ల ప్లాంటుకి స్థలం, కరెంటు పంచాయతీవి. యంత్రం, మనుషులు ఒక కంపెనీవి. వార్డు మెంబరుగా మా ఆవిడ ఎన్నిసార్లు అడిగినా సర్పంచి కంపెనీ మీదికి, మేనేజరు పంచాయతీ మీదికి తోసేవారు. ప్లాంటు మాత్రం ఆగేది కాదు.

ఆ సాయంత్రం ఇద్దరినీ ప్లాంటు దగ్గరికే పిలిపించింది. వీధంతా వచ్చింది.

"రిపోర్టు బాగానే ఉందండీ," అన్నాడు మేనేజరు.

"మిషను ఆళ్లది. నన్నేటి సెయ్యమంటావమ్మా?" అన్నాడు సర్పంచి.

ఆమె కుళాయి తిప్పి రెండు గ్లాసులు నింపింది.

"మా నాన్న అమ్మిన బెల్లం మీద ఎవులికైనా అనుమానమొత్తే, మార్కెట్లో అందరి ముందూ తనే ఓ ముక్క తుంచుకుని తినీవోడు. ముందు మీరు తాగండి. తరవాత మేం తాగుతాం."

"తాగండి బాబూ, సిగ్గేటి? మేం రోజూ తాగుతన్నవే!" అన్నాడు వెనకనుంచి ఒక ముసలాయన. అందరూ నవ్వారు.

మేనేజరు ఫోను చూసుకున్నాడు. సర్పంచి గ్లాసు పెదాల దాకా తెచ్చి, ఆగి, కింద పెట్టేశాడు. నవ్వులు ఆగిపోయాయి.

"మిషను ఆపీండి. ట్యాంకు కడిగీవరకూ తెరవొద్దు," అన్నాడు సర్పంచి.

ప్రజాస్వామ్యం గురించి నేను చాలా చదివాను. అధికారంలో ఉన్న మనిషి ఒక గ్లాసు నీళ్ల ముందు అలా ఆగిపోవడం ఎక్కడా చదవలేదు. ఆమె గొంతు కూడా పెంచలేదు. ఇన్నేళ్లు నాతో కాపురం చేసిన మనిషేనా అని చూస్తూ నిలబడ్డాను.

ట్యాంకు కడిగారు, ఫిల్టర్లు మార్చారు. పిల్లలు కోలుకుని ఇంటికి వచ్చారు. ప్లాంటు తెరిచిన రోజు సర్పంచి, మేనేజరు ఇద్దరూ అందరి ముందూ తాగారు. అక్కడినుంచి ప్రతి నెలా ఒకటో తారీకున అది ఆనవాయితీ అయింది.

కొన్నేళ్లకి మా ఆవిడ పోయింది. మేనేజరు మారాడు. రిపోర్టు గోడకి అంటిస్తున్నారు. మొన్న ఒకటో తారీకున "మీరు తాగరా?" అని నేను అడిగితే, "అందులో అంతా ఉంది కదండీ," అన్నాడు కొత్తాయన. నిలబడి చదివాను. నీళ్లు బాగున్నాయనే ఉంది. బాగుండే ఉండవచ్చు.

ఇప్పుడు జనం ముందు ఎవరూ తాగడం లేదు.