గట్టు దాటని రేడియేషన్

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. రేడియోధార్మికత పాఠం మొదలుపెట్టగానే మా పులివెందుల వైపు పిల్లలు ఏటా ఒకటే ప్రశ్న అడుగుతారు. యురేనియం గని దగ్గర్లోనే ఉంది కదా మేడం, మనకేమన్నా అవుతుందా అని. ఒక ఏడు, భయం పోగొడదామని కొంచెం ఎక్కువే మాట్లాడాను. రేడియేషన్ అంటే దయ్యం కాదు, అది మట్టిలో ఉంటుంది, మన ఒంట్లో ఉంటుంది, మీరు పొద్దున తిన్న అరటిపండులోనూ ఉంటుంది అన్నాను. పండులో పొటాషియం ఉంది కదా, ఆ పరమాణువుల్లో ఎక్కడో ఒకటి తనంతట తానే విచ్ఛిన్నమవుతూ ఉంటుంది, దానివల్ల ఎవరికీ ఏమీ కాదు అని కూడా చెప్పాను. ఆల్ఫాను కాగితం ముక్క ఆపుతుంది, బీటాకు అల్యూమినియం రేకు చాలు, గామాకు మాత్రం మందపాటి సీసమో కాంక్రీటు గోడో కావాలని బోర్డు మీద గీసి చూపించాను. పిల్లలు నవ్వుకుంటూ ఇళ్లకు పోయారు.

నా ఖర్మ. వినేవాళ్లు సగమే వింటారని ఇన్నేళ్ల చాకిరీలో నాకు తెలిసి ఉండాలి కదా. వారం తిరిగేసరికి అరటికాయల్లో రేడియేషన్ ఉందని ఫిజిక్స్ మేడమే చెప్పిందంట అని ఊరంతా పాకింది. ఎవరికీ ఏమీ కాదన్న ముక్క మాత్రం క్లాసులోనే ఉండిపోయింది. ఊరి నోటికి మూకుడు పెట్టలేం అని సరిపెట్టుకుందామంటే, మాకూ అరటితోటే ఉంది.

నాన్న పోయాక ఆ తోట నాకూ మా చెల్లెలికీ చెరిసగం వచ్చింది. మధ్యలో ఒక గట్టు. రెండు వైపులా ఒకేసారి తెచ్చి నాటిన మొక్కలు, ఒకే బోరు నీళ్లు. చెల్లెలు డిగ్రీలో ఉన్నప్పుడు ఫిజిక్స్ తలకెక్కక ఏడుస్తుంటే, సెలవుల్లో నేనే కూర్చోబెట్టి చెప్పాను. అర్ధాయువు అర్థం కాకపోతే చాటలో అలసందలు పోసి, సగం తీసి, మళ్లీ సగం తీసి చూపించాను. తను మంచి మార్కులతోనే పాసయింది. కాబట్టి ఆ పుకారు వట్టిదని ఊళ్లో నాతోపాటు తెలిసిన మనిషి తనొక్కతే. ఎవరైనా అడిగితే తను చెబుతుందిలే అని నేను నిశ్చింతగా ఉన్నాను. ఎంత తెలివితక్కువదాన్నో చూడండి.

కాయల వ్యాపారి వచ్చినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. చెల్లెలి తోటలో గెలలు కొట్టించుకుని, నా తోటలో కాలు పెట్టకుండానే వెళ్లిపోయాడు. నావి రెండో విడతలో కొట్టిస్తాడేమో అనుకున్నాను.

ఆ తర్వాతి ఆదివారం మా చర్చిలో కోత పండుగ. ప్రతి ఇంటివాళ్లూ పంటలో మొదటిది తెచ్చి ప్రభువు బల్ల ముందు పెడతారు, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. ఎవరిచ్చింది వాళ్లు పాడుకోకూడదు. దేవునికిచ్చింది మళ్లీ ఇంటికి పోకూడదు కదా. అందుకని తొలి పాట తోబుట్టువులో దగ్గరి బంధువులో పాడి మర్యాద నిలబెడతారు. నాన్న పోయినప్పటి నుంచి నా గెలకు చెల్లెలు పాడుతుంది, తన గెలకు నేను.

ముందు తన గెల వచ్చింది. తొలి పాట నేనే పాడాను. పాట మీద పాట పెరిగి మంచి ధరకే పోయింది. తర్వాత నా గెల. సంఘ పెద్ద దాన్ని ఎత్తి పట్టుకుని చెల్లెలి వైపు చూశాడు. అందరూ అటే చూశారు. తను కీర్తనల పుస్తకం తెరిచి తల వంచుకుంది. ఆయన రెండోసారి అడిగాడు, మూడోసారి అడిగాడు. అప్పుడు వెనక వరుసలో ఒకాయన పక్కాయనతో అన్న మాట చర్చి అంతా వినబడింది.

"రేడియేషన్ ఉండేది ఆయమ్మ తోటలోనే అంటప్పా. సొంత చెల్లెలే వ్యాపారికి చెప్పింది."

పాస్టరుగారు జాలిపడి, ఆ గెలను సండేస్కూలు పిల్లలకు పంచుతామన్నారు. ఏ తల్లీ తన బిడ్డను ముందుకు పంపలేదు. కంచే చేను మేస్తే ఎట్లా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

చర్చి మెట్ల దగ్గర తన చేయి పట్టుకుని ఆపాను. కాంక్రీటు గోడను దూసుకుపోయే గామా, జానెడు గట్టు దగ్గర ఎట్లా ఆగిందే, నేను నేర్పిన ఫిజిక్స్ ఇదేనా అని నిలదీశాను. నలుగురూ చూస్తున్నా పట్టించుకోలేదు.

"రెండు తోటల్లోనూ ఏం లేదని నాకు తెలుసక్కా," అంది నెమ్మదిగా. "ఆ మాట చెప్తే నమ్మేటోళ్లు యాడుండారు? ఇద్దరివీ పోతాయి. నీకు నెలనెలా జీతం వస్తాది. మాకు ఈ తోట ఒక్కటే ఉండాది. అందుకే నీ పక్క చెయ్యి చూపించినా."

"నన్ను అడిగుంటే, నాదే చూపించమని నేనే చెప్పేదాన్ని కదే."

"అది కూడా తెలుసు. అడిగితే సరే అంటావు. బతికినన్నాళ్లూ నీ ముందర తల వంచుకోని తిరగాల. చదువు చెప్పిచ్చుకున్న దానికే శానా వంచినా. అందుకే అడగలేదు."

నేను తన చేయి వదిలేశాను. బోరు ఇప్పటికీ ఒకటే. వంతులవారీగా నీళ్లు పెట్టుకుంటాం. నా వంతు అయ్యాక నేను స్విచ్చి ఆపి వస్తాను, గంట ఆగి తను వచ్చి వేసుకుంటుంది.